న్యాయవాది మీడియేటరు కావాలంటే

జిల్లా కోర్టు ఆవరణలో, ఇరుపక్షాలూ తామే రాజీకి వచ్చేలా సాయపడే మీడియేషన్ సెంటరులో కొత్తగా కూర్చున్న న్యాయవాది మొట్టమొదట వినే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే. రెండు పక్షాలవాళ్లూ కుర్చీల్లో సర్దుకున్నాక, వాళ్లలో వయసులో పెద్దవారు చేతులు జోడించి, "ఇదంతా ఎందుకండీ, మీరే ఏదో ఒకటి చెప్పేయండి, మేం కట్టుబడి ఉంటాం" అంటారు. ఇరవై ఏళ్లు దావాలు నడిపినవారికి ఆ క్షణంలో సమాధానం నాలుక చివరనే ఉంటుంది. దాన్ని మింగేయగలిగినవారే ఈ పనిలో నిలుస్తారు. అంకె మన నోటి నుంచి వచ్చిన మరుక్షణం, అది ఎవరికి తక్కువ అనిపిస్తే వారు మనల్ని అవతలివాళ్ల మనిషిగా చూడటం మొదలుపెడతారు; ఆ తరువాత ఎన్ని సిట్టింగులు పెట్టినా ఆ అనుమానం పోదు.

ఈ చిక్కుకు మన మాటలు కూడా కొంత కారణం. తెలుగు పత్రికలు ఆర్బిట్రేషన్‌నూ మీడియేషన్‌నూ కూడా మధ్యవర్తిత్వం అనే రాస్తాయి. ఊళ్లో మధ్యవర్తి అంటే రచ్చబండ దగ్గర ఇద్దరి మాటా విని, చివరకు తన మాట చెప్పే పెద్దమనిషి. అందుచేత కక్షిదారులకు ముందుగా తేడా చెప్పడం మీడియేటరు బాధ్యత, అదీ చట్టం భాషలో కాదు. ఆర్బిట్రేటరు 1996 నాటి చట్టం కింద సాక్ష్యం తీసుకుని అవార్డు, అంటే తీర్పు, ఇస్తారు. లోక్ అదాలత్ 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం కింద రాజీని నమోదు చేసి ఇచ్చే అవార్డుపై అప్పీలు లేదు. ప్రజోపయోగ సేవల వివాదాలు చూసే శాశ్వత లోక్ అదాలత్ అయితే రాజీ కుదరనప్పుడు గుణదోషాలు చూసి నిర్ణయం కూడా చేయగలదు. మీడియేటరుకు ఇలాంటి అధికారమేదీ లేదు. ఇక్కడ నిర్ణయం పూర్తిగా కక్షిదారులదే, వద్దనుకుంటే లేచి వెళ్లిపోయే హక్కు కూడా వారిదే. ఈ మాట మొదటి పది నిమిషాల్లో స్పష్టంగా చెప్పనివారు తరువాతి పది గంటలు దాని ఫలితం అనుభవిస్తారు.

ఎక్కడ మొదలుపెట్టాలి

యువ న్యాయవాదులు నన్ను అడిగే మొదటి ప్రశ్న ప్యానెల్‌లో, అంటే కోర్టు మీడియేటర్ల జాబితాలో, పేరు ఎలా వస్తుందని. అది రెండో మెట్టు. మొదటి మెట్టు, మీ సొంత క్లయింటును మీడియేషన్‌కు సిద్ధం చేసి తీసుకువెళ్లి, అక్కడ అతని పక్కన కూర్చోవడం. కురుసభకు వెళ్లిన కృష్ణుణ్ణి మీడియేటరుగా చెప్పడం ఉపన్యాసాల్లో ఆనవాయితీ అయింది కానీ, ఆయన పాండవుల పక్షాన వెళ్లిన రాయబారి. నేటి మాటల్లో చెప్పాలంటే మీడియేషన్‌లో ఒక పక్షం న్యాయవాది. ఆ పాత్ర తక్కువది కాదు. పైగా దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, బార్‌లో చేరిన మొదటి సంవత్సరం నుంచే చేయవచ్చు.

సిద్ధం చేయడమంటే, సిట్టింగుకు రెండు రోజుల ముందు క్లయింటును ఆఫీసుకు పిలిచి, ఒక తెల్లకాగితం మీద మూడు లెక్కలు వేయించడం. రాజీ కుదరకపోతే కేసు ఏ దశలో ఉంది, ట్రయలు, మొదటి అప్పీలు, హైకోర్టులో రెండో అప్పీలు కలిపి ఎంత కాలం పట్టవచ్చు అన్నది మొదటిది. అంతకాలం అయ్యే ఖర్చు, ఆ ఆస్తి మీద రాకుండా పోయే ఆదాయం రెండోది. డబ్బుతో సంబంధం లేకుండా అతనికి నిజంగా కావలసింది ఏమిటన్నది మూడోది. కోర్టులో ఓడినవాడు కోర్టులోనే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడుస్తాడన్న సామెతను క్లయింటుకు వినిపించడం తేలిక, కానీ దాన్ని అతని కేసు అంకెలతో అతని చేతే రాయించినప్పుడే ఎక్కుతుంది. మూడో లెక్కలో వచ్చే జవాబులు చాలాసార్లు ఆశ్చర్యపరుస్తాయి. అప్పు వసూలు దావా వేసిన ఒక పెద్దాయనకు కావలసింది అసలూ వడ్డీ కాదని, పెళ్లిలో నలుగురి మధ్య తాను అబద్ధం చెబుతున్నానన్న మాటను బావమరిది వెనక్కి తీసుకోవడమని ఆ కాగితం మీదే తెలిసింది.

శిక్షణ, ప్యానెల్

సుప్రీంకోర్టు 2005లో ఏర్పాటు చేసిన మీడియేషన్ అండ్ కన్సిలియేషన్ ప్రాజెక్ట్ కమిటీ పద్ధతిలో సాగే 40 గంటల శిక్షణే దేశమంతటా ప్రామాణికంగా చెలామణీ అవుతోంది. కోర్టు మీడియేషన్ సెంటర్లలో కూర్చోవాలంటే దాదాపు తప్పనిసరిగా ఇదే అడుగుతారు. శిక్షణ కావాలనుకునేవారు తమ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శిని కలిసి, తదుపరి బ్యాచ్‌కు తమ పేరు పంపమని రాతపూర్వకంగా కోరాలి. నోటిమాటగా చెప్పి ఊరుకుంటే ఆ పేరు ఎవరికీ గుర్తుండదు. అనుభవం విషయానికి వస్తే, సుప్రీంకోర్టులో నడిచిన సేలం బార్ అసోసియేషన్ కేసు నేపథ్యంలో తయారైన నమూనా నిబంధనలు న్యాయవాదులకు 15 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలన్నాయి. ఒక్కో హైకోర్టు దాన్ని తనకు తగినట్లు మార్చుకుంది కనుక మీ హైకోర్టు ప్రస్తుత నిబంధనల ప్రతినే తెప్పించుకుని చదవాలి. సీనియర్లు చెప్పే లెక్కలు ఒక్కోసారి పాత సర్క్యులర్ నాటివి.

హైదరాబాదుకు అందుబాటులో ఉన్నవారికి మరికొన్ని దారులున్నాయి. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం దూరవిద్యా విభాగంలో ఏడీఆర్ (కోర్టు బయట ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం) డిప్లొమా ఉంది. 2021 డిసెంబరులో అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ చేతుల మీదుగా ప్రారంభమైన అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం వాణిజ్య వివాదాల వైపు వెళ్లాలనుకునేవారికి చూడదగ్గ చోటు. డిప్లొమాల వల్ల విజిటింగ్ కార్డు బరువెక్కుతుంది, చేయి తిరగదు. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్లు, 40 గంటల శిక్షణ అయ్యాక చేయవలసిన అసలు పని, అనుభవజ్ఞుడైన మీడియేటరు పక్కన సహ మీడియేటరుగా కనీసం పది కేసుల్లో మౌనంగా కూర్చోవడం. ప్రాజెక్ట్ కమిటీ కూడా శిక్షణతో పాటు పది వాస్తవ మీడియేషన్లు కోరడానికి కారణం ఇదే.

చదవవలసిన చట్టం

అంతా చదవాలి కానీ, రోజూ చేతికి వచ్చేది కొంతే. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 2002 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన 89వ సెక్షన్ కోర్టు నుంచి కేసు మన దగ్గరకు వచ్చే ద్వారం. ఆ సెక్షన్‌లో మీడియేషన్, జ్యుడీషియల్ సెటిల్‌మెంట్ (న్యాయమూర్తి సాయంతో కుదిరే రాజీ) నిర్వచనాలు తారుమారయ్యాయని 2010లో ఆఫ్కాన్స్ కేసులో సుప్రీంకోర్టే చెప్పి, వాటిని మార్చి చదువుకోవాలంది. ఏ కేసులు మీడియేషన్‌కు తగినవి, ఏవి కావు అన్న జాబితా కూడా ఆ తీర్పులోనే ఉంది. ఫోర్జరీ, మోసం వంటి తీవ్ర ఆరోపణలున్నవి, ఎన్నికల వివాదాలు, దేవతామూర్తులకూ మైనర్లకూ వ్యతిరేకంగా వేసిన దావాలు తగనివాటిలోకి వస్తాయి.

వాణిజ్య న్యాయస్థానాల చట్టంలోని 12ఎ సెక్షన్ ఈ వృత్తికి నిజమైన మలుపు. 3 లక్షల రూపాయలు, అంతకు పైబడిన వాణిజ్య వివాదంలో అత్యవసర మధ్యంతర ఉత్తర్వు కోరకపోతే, దావాకు ముందే మీడియేషన్‌కు వెళ్లి తీరాలి. దీనిని పాటించని దావా తిరస్కరణకు గురవుతుందని 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మూడు నెలల గడువు, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మరో రెండు నెలలు. కుదిరిన రాజీకి ఆర్బిట్రేషన్ అవార్డుతో సమానమైన బలం ఉంటుంది. గుంటూరు మిర్చి వ్యాపారి, నిజామాబాదు పసుపు వ్యాపారి, భీమవరం రొయ్యల మేత డీలరు ఇలా మన దగ్గరకు రాగల వాళ్లే, కానీ వాళ్ల న్యాయవాదుల్లో చాలామంది దీన్ని దావాకు ముందు దాటవలసిన లాంఛనంగానే చూస్తున్నారు. ఆ లాంఛనాన్ని నిజమైన సిట్టింగుగా మార్చడం తెలిసినవారికి ఇక్కడ చాలా ఖాళీ ఉంది.

2023 నాటి మీడియేషన్ చట్టం ప్రక్రియకు 120 రోజుల గడువు, సమ్మతిపై మరో 60 రోజుల పొడిగింపు నిర్దేశించింది. రాజీ ఒప్పందాన్ని కోర్టు డిక్రీలా, అంటే తీర్పు ఉత్తర్వులా, అమలు చేయించుకోవచ్చని, మోసం, అవినీతి, ఒకరి బదులు మరొకరు రావడం, మీడియేషన్‌కు తగని వివాదం కావడం అనే నాలుగు కారణాలపై మాత్రమే దాన్ని సవాలు చేయవచ్చని చెప్పింది. అయితే ఈ చట్టం మొత్తం ఒకేసారి అమల్లోకి రాలేదు; కొన్ని సెక్షన్లు మాత్రం 2023 అక్టోబరు 9న వచ్చాయి. అందువల్ల ఏ సెక్షన్‌నైనా నమ్ముకుని క్లయింటుకు సలహా ఇచ్చే ముందు, అది నోటిఫై అయిందో లేదో గెజిట్‌లో చూసుకోవడం అలవాటు చేసుకోవాలి.

గదిలో

మొదటి సిట్టింగులో ఎవరు ఎక్కడ కూర్చుంటారన్నది చిన్న విషయం కాదు. ఎదురెదురుగా కూర్చోబెడితే కోర్టు హాలు గుర్తుకొస్తుంది. గుండ్రటి బల్ల లేకపోతే ఉన్న బల్లను గోడవైపు జరిపి కుర్చీలను అర్ధచంద్రాకారంగా వేయించాలి. ఫోన్లు మూగబోయాక, ఇక్కడ మాట్లాడేది కోర్టుకు చేరదని, మీడియేటరును సాక్షిగా పిలవడం కుదరదని చెప్పాలి. ఆ తరువాత ఒక్కొక్కరికీ అంతరాయం లేకుండా మాట్లాడే అవకాశం ఇవ్వాలి. పది నిమిషాలన్నది పదిహేనైనా ఫరవాలేదు. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగిన మనిషి తన గోడును తన మాటల్లో చెప్పుకోవడం అదే మొదటిసారి కావచ్చు. సాక్షుల బోనులో "అవును", "కాదు" తప్ప మాట్లాడనివ్వని వాళ్లం మనమే కదా.

వాళ్లు చెప్పింది విన్నాక, దాన్ని తిరిగి వాళ్లకే వేరే మాటల్లో అప్పజెప్పడం ఈ విద్యలో అన్నిటికంటే కష్టమైనది. చెల్లెలు "అన్నయ్య నా నోట్లో మట్టి కొట్టాడు" అంటే, మీడియేటరు "అంటే నాన్నగారి ఆస్తి పంపకంలో మిమ్మల్ని కూర్చోబెట్టి అడగలేదన్నది మీ బాధ, అంతేనా అమ్మా?" అనాలి. నింద పోయి విషయం మిగిలింది. అన్న కూడా ఆ వాక్యాన్ని వినగలడు, మొదటి వాక్యాన్ని వినలేడు. ఇందులో "అంతేనా" అన్న చివరి మాటను వదలకూడదు, ఎందుకంటే మనం సరిగ్గా విన్నామో లేదో చెప్పవలసింది ఆమె.

విడివిడిగా మాట్లాడే సమావేశాలు, అంటే కాకస్‌లు, రెండో సిట్టింగు నుంచి ఉపయోగపడతాయి. ఒక పక్షంతో అరగంట కూర్చుంటే రెండో పక్షంతోనూ అంతసేపు కూర్చోవాలి; బయట వరండాలో ఎదురుచూసే మనిషి గడియారం చూస్తూనే ఉంటాడు. లోపల విన్నదానిలో అవతలివారికి ఏది చెప్పవచ్చో, ఏది చెప్పకూడదో బయటికి వచ్చే ముందే అడిగి రాసుకోవాలి. కుటుంబ వివాదాల్లో ఇంకో సంగతి ఉంది. గదిలో కూర్చున్న భార్యాభర్తలు ఒప్పుకున్నా, వరండాలో కూర్చున్న మేనమామ ఒప్పుకోకపోతే ఆ రాజీ సాయంత్రానికి ఉండదు. ఆ మేనమామను ఇద్దరి అనుమతితో ఒకసారి లోపలికి పిలిచి, కుర్చీ వేసి, ఆయన మాట వినడమే తెలివైన పని. పెద్దరికానికి చోటు ఇస్తే అది అడ్డుపడటం చాలావరకు మానేస్తుంది. కానీ భయపెట్టో, కొట్టో ఒప్పించిన జాడ కనిపిస్తే మాత్రం అక్కడితో ప్రక్రియ ఆపాలి. భర్త ముందు తల ఎత్తని మనిషి సంతకాన్ని సమ్మతి అనుకోకూడదు.

కాగితం మీద

మీడియేటరుగా న్యాయవాది మిగతావారికంటే ఎక్కడ ముందుంటారని అడిగితే, రాజీపత్రం దగ్గర అంటాను. నా మొదటి పెద్ద పొరపాటు కూడా అక్కడే జరిగింది. గోప్యత కోసం వివరాలు మార్చి చెబుతున్నాను. ఇద్దరు అన్నదమ్ముల భాగ పంపకాల దావా, మూడెకరాల చిల్లర మెట్టభూమి, నాలుగు సిట్టింగుల్లో కుదిరింది. ఉత్తరపు సగం అన్నకు, దక్షిణపు సగం తమ్ముడికి, బోరు నీళ్లు ఇద్దరికీ అని రాశాను. డిక్రీ వచ్చింది, ఇద్దరూ మిఠాయి పెట్టారు. మొదటి పంట వేశాక తమ్ముడు అమలు పిటిషను వేశాడు. బోరు అన్న పొలంలో ఉంది. మోటారు స్టార్టరు పెట్టెకు అన్న తాళం వేశాడు. నీళ్లు ఇద్దరికీ అని ఉంది కానీ ఏ రోజు ఎవరికో, తాళంచెవి ఎవరి దగ్గరో, మోటారు కాలితే రిపేరు ఎవరిదో, అక్కడికి వెళ్లే బాట ఎంత వెడల్పో నేను రాయలేదు.

అప్పటి నుంచి భూమి రాజీ ఏదైనా సరే, సర్వేయరు గీసిన పటం జత చేయకుండా సంతకాలకు పెట్టను. విస్తీర్ణం ఆంధ్రలో ఎకరాలు, సెంట్లలో, తెలంగాణలో ఎకరాలు, గుంటల్లో, సర్వే నంబరు సబ్ డివిజనుతో సహా, నాలుగు హద్దులూ రాయాలి. బాట వెడల్పు అడుగుల్లో, నీటి వంతు వారాల పేర్లతో ఉండాలి. దావా షెడ్యూలులో, అంటే దావాకు జతచేసిన ఆస్తుల జాబితాలో, లేని స్థిరాస్తిని కూడా రాజీలో చేర్చినట్లయితే, రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఆ డిక్రీని రిజిస్టరు చేయించాలన్న సంగతి అక్కడికక్కడే ఇద్దరికీ చెప్పి, స్టాంపు ఖర్చు ఎవరిదో కూడా రాయాలి. వాటాదారుల్లో మైనరు ఉంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డరు 7వ రూలు కింద కోర్టు అనుమతి లేని రాజీ నిలబడదు. ఈ రెండూ మరచిపోయిన రాజీపత్రాలు పదేళ్ల తరువాత కొత్త దావాలై తిరిగి వస్తాయి.

దాంపత్య వివాదంలో క్రమం ముఖ్యం. డబ్బు ముందా, కేసు ఉపసంహరణ ముందా అన్నదానిపైనే అపనమ్మకమంతా ఉంటుంది. అందుకే మొత్తాన్ని విడతలు చేసి, చివరి డీడీని పరస్పర అంగీకార విడాకుల పిటిషను రెండో దశ రోజున కోర్టులోనే అందించేలా రాయాలి. ఎక్కడెక్కడ ఏ కేసులున్నాయో నంబర్లతో సహా అన్నీ ఎక్కించాలి. "ఇతర కేసులన్నీ" అన్న మాట పనికిరాదు. సారె సామాన్ల జాబితా, బంగారం తూకం, పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమి, పిల్లల్ని చూసే రోజులు, ఇవన్నీ విడిగా రావాలి. ఒకరు అమెరికాలో ఉంటే ఆన్‌లైన్ సిట్టింగు పెట్టవచ్చు. వేసవిలో డల్లాస్‌లో రాత్రి ఎనిమిదిన్నర అయినప్పుడు మనకు ఉదయం ఏడు. తెరమీద కనిపించని మూడో మనిషి ఆ గదిలో ఎవరైనా ఉన్నారా అని ముందే అడగాలి. విడాకులు ఏ దేశపు కోర్టులో తీసుకుంటారన్నది కూడా రాజీలోనే తేలాలి. ఎందుకంటే విదేశీ కోర్టు ఇచ్చిన విడాకులు ఇక్కడ ఎప్పుడు చెల్లుతాయన్న దానిపై, తిరుపతిలో జరిగిన ఒక వివాహానికి సంబంధించిన కేసులో 1991లోనే సుప్రీంకోర్టు కఠినమైన షరతులు పెట్టింది.

రాజీపత్రాన్ని తెలుగులో రాయండి. ఇంగ్లీషులో రాసి, "చదివి వినిపించడమైనది" అని కింద ఒక వాక్యం చేర్చడం మన బార్‌లో పాతుకుపోయిన దురలవాటు. తెలుగులో రాసిన పత్రాన్ని వాళ్ల చేతికే ఇచ్చి, చదువు వచ్చినవారి చేత పైకి చదివించినప్పుడు, వాళ్లు ఎక్కడ ఆగుతారో అక్కడే ఇంకా తేలని విషయం ఉందని తెలుస్తుంది.

సంపాదన, నియమాలు

ఒక్క మీడియేషన్ మీదే బతకాలనుకుని మొదటి ఐదేళ్లలో ప్రాక్టీసు మానేయవద్దు. కోర్టు సెంటర్లలో వచ్చేది గౌరవవేతనం మాత్రమే. 12ఎ సెక్షన్ కింద 2018 నాటి నిబంధనలు నిర్ణయించిన ఫీజు, వివాదం విలువ 3 నుంచి 10 లక్షల వరకు 15,000 రూపాయలు, 50 లక్షల వరకు 30,000, కోటి వరకు 40,000, 3 కోట్ల వరకు 50,000, ఆ పైన 75,000. దాన్ని ఇరుపక్షాలూ సమానంగా భరించాలి. కోట్ల వివాదానికి నాలుగు రోజులు కూర్చుని అందుకునే మొత్తంగా చూస్తే ఇది ఏ సీనియరు న్యాయవాది అపియరెన్స్ ఫీజుతోనూ పోల్చదగినది కాదు. ప్రైవేటు మీడియేషన్‌లో గంటకో, సిట్టింగుకో మీరు కోరినంత అడగవచ్చు, కాని ముందుగా రాసుకుని ఇద్దరి నుంచీ చెరిసగం తీసుకోవాలి. రాజీ కుదిరితే ఇంత శాతం అన్న బేరం ఎంత ఊరించినా పెట్టుకోకూడదు. పిల్లుల రొట్టె పంచిన కోతి కథ మన కక్షిదారులందరికీ వచ్చు.

ఇరుపక్షాల్లో ఎవరికైనా గతంలో వకాలత్ వేసి ఉన్నా, బంధుత్వం ఉన్నా ముందే రాతపూర్వకంగా చెప్పాలి. చిన్న పట్టణంలో ఇది తప్పించుకోలేనిది. చెప్పాక ఇద్దరూ సరే అంటే కూర్చోవచ్చు, దాచి కూర్చుంటే ఒక్క కేసుతో పేరు పోతుంది. ఒకసారి మీడియేటరుగా కూర్చున్న వివాదంలో తరువాత ఎవరి తరఫునా న్యాయవాదిగా గానీ, ఆర్బిట్రేటరుగా గానీ వెళ్లకూడదు. జూనియరును పంపించడం కూడా అదే కిందకు వస్తుందని నా ఉద్దేశం.

కుదరనివి చాలా ఉంటాయి. అప్పుడు కోర్టుకు పంపే నివేదికలో "రాజీ కుదరలేదు" అన్న ఒక్క వాక్యమే ఉండాలి. ఎవరు ఎంత దాకా వచ్చారో, ఎవరు మొండికేశారో రాయకూడదని 2010లో మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నివేదిక పంపిన రోజు సాయంత్రమే సిట్టింగుల్లో రాసుకున్న కాగితాలను చింపేయండి. మరుసటి వారం అదే కేసులో ఒక పక్షం న్యాయవాది క్యాంటీనులో మీ పక్కన టీ తీసుకుని కూర్చుని, మొన్న అవతలివాళ్లు ఎంతకు దిగారని మామూలుగా అడుగుతారు. టీ తాగుతూ వాన గురించి మాట్లాడండి.